‘ఆకలేస్తే వాళ్లే తింటారు’ అన్న మాట నమ్మకండి

నెల రోజులుగా మా బంధువుల గ్రూపులో, వీధి గ్రూపులో, పాత విద్యార్థుల గ్రూపులో ఒకే మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "తిండి జబ్బు అనేది డబ్బున్న పట్నం పిల్లల వేషం. చోడి అంబలి తాగి పెరిగిన మన ఇళ్లలో ఇలాంటివి లేవు. పిల్ల తిననంటే బతిమాలకండి. రెండు పూటలు వదిలేస్తే ఆకలేసి తనే తింటుంది. మనిషి బక్కచిక్కకపోతే భయం లేదు. మగపిల్లలకు ఇది రాదు. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి."

నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. కొన్నేళ్లు ఒక అమ్మాయిల హాస్టల్ కూడా చూసుకున్నాను. ఈ మెసేజ్‌లో ఒక్కో మాటకూ జవాబు చెప్పాలనుకుంటున్నాను. ఎందుకంటే ఆ "వదిలేయండి" అన్న సలహాను ఒకప్పుడు నేనే పాటించాను.

ముందు దాని సంగతే చెబుతాను. హాస్టల్లో ఒక అమ్మాయి సంక్రాంతి సెలవుల నుంచి వచ్చాక అన్నం తగ్గించేసింది. "ఏటమ్మా, తినట్లేదు?" అంటే "ఇప్పుడే బిస్కెట్లు తిన్నాను మేడమ్" అనేది. కంచంలో అన్నం అటూ ఇటూ జరిపేది. పక్కవాళ్లకు మాత్రం కొసరి కొసరి వడ్డించేది. ఫోన్ దొరికితే వంటల వీడియోలే చూసేది. తిండి మీద ఇంత ధ్యాస ఉన్న పిల్ల ఎప్పుడో ఒకప్పుడు తినకపోతుందా అనుకున్నాను. ఏప్రిల్ ఎండల్లో స్వెటర్ వేసుకుని, చలేస్తోందని ముడుచుకు కూర్చున్న రోజున గానీ నాకు భయం పుట్టలేదు.

ఆ పిల్లకు ఆకలి లేక కాదు. ఈ జబ్బును అనొరెక్సియా నెర్వోసా అంటారు. 1870లలో లండన్ వైద్యుడు విలియం గల్ పెట్టిన పేరు అది. అనొరెక్సియా అంటే ఆకలి లేకపోవడం. కానీ ఆ పేరే మనల్ని పొరపాటు పడేలా చేస్తుంది. చాలామందికి ఆకలి వేస్తూనే ఉంటుంది. లావైపోతానన్న భయం దాన్ని మించిపోతుంది. ఆకలిని గెలిచానన్న తృప్తి కూడా తోడవుతుంది.

పైగా పస్తు తనంతట తానే మనసును మార్చేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ ఒక ప్రయోగం చేశాడు. ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు అరకొర తిండి పెట్టారు. వాళ్లు తిండి గురించే కలలు కన్నారు. వంటల పుస్తకాలు చదివారు. కంచం ముందు గంటలు గంటలు కూర్చుని కొంచెం కొంచెంగా తిన్నారు. చలికి వణికారు, దిగులుతో ముడుచుకుపోయారు. ఇది చదివినప్పుడు నాకు మా హాస్టల్ పిల్లే కళ్ల ముందు కనిపించింది. అలాంటి పిల్లను ఇంకో రెండు పూటలు వదిలేస్తే, ఆ జబ్బు కోరేదే మనం చేసినట్టవుతుంది.

అలాగని నోరు నొక్కి ఒక్కసారిగా కడుపునిండా పెట్టినా ప్రమాదమే. చాలా రోజులు సరిగా తినని ఒంట్లోకి హఠాత్తుగా ఎక్కువ తిండి వెళితే రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి గుండె లయ తప్పవచ్చు. బాగా నీరసించినవాళ్లకు తిండి పెంచడం డాక్టరు కనుసన్నల్లో జరగాలి.

"బక్కచిక్కకపోతే భయం లేదు." ఈ మాట వల్ల ఎందరో దొరక్కుండా పోతున్నారు. 1979లో జెరాల్డ్ రస్సెల్ అనే వైద్యుడు బులీమియా నెర్వోసాను వివరించాడు. ఆపుకోలేక ఎక్కువగా తినేయడం, తర్వాత సిగ్గుతో, భయంతో వాంతి చేసుకోవడం లేదా విరేచనాల మందులు మింగడం ఈ జబ్బు తీరు. వీళ్లలో చాలామంది మామూలు బరువుతోనే ఉంటారు. అన్నం తిన్న వెంటనే బాత్రూమ్‌కి వెళ్లి కుళాయి తిప్పేస్తున్నారా? వేళ్ల కణుపుల మీద గాట్లు, కాయలు ఉన్నాయా? చెవుల కింద బుగ్గలు ఉబ్బాయా? పళ్లు అరిగి జివ్వుమంటున్నాయా? ఇవి చూడాలి. పదేపదే వాంతులైతే పొటాషియం తగ్గి గుండె ఆగే ప్రమాదం కూడా ఉంది. వాంతులు లేకుండా, దొంగచాటుగా, ఆపుకోలేక తినే జబ్బు వేరే ఉంది. అందులో మనిషి లావు కావచ్చు. దాన్ని తిండిపోతుతనం అని ఎగతాళి చేస్తాం.

"డబ్బున్నవాళ్ల వేషం." మా హాస్టల్ పిల్ల తల్లి పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి కూలికి వెళ్లే మనిషి. ఈ జబ్బులో వంశపారంపర్యంగా వచ్చే భాగం ఉందని కవలల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. దానికి డైటింగ్, టెన్షన్, మన నోటి మాటలు తోడవుతాయి. పెళ్లి భోజనాల దగ్గర "ఒళ్లు చేశావేటే" అని పది మందిలో అనడం మనకు పలకరింపే. వినే పదిహేనేళ్ల పిల్లకు అది రాత్రంతా నిద్ర పట్టనివ్వని మాట.

ఇక్కడే ఉపవాసం గురించి కూడా చెప్పాలి. ఏకాదశికి పస్తున్న మనిషి ద్వాదశి పారణ కోసం ఎదురు చూస్తుంది, సంతోషంగా తింటుంది. వారంలో ఒక్క రోజుగా మొదలై నాలుగు రోజులకు పెరిగి, పారణ రోజున కూడా ఏదో సాకు చెబుతుంటే, అది భక్తి అని ఊరుకోకండి.

"మగపిల్లలకు రాదు." వస్తుంది, ఆలస్యంగా బయటపడుతుంది. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. ఆమదాలవలస అమ్మాయి కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో, 69 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చింది. మనకు గర్వకారణమైన ఆటే. కానీ బరువు విభాగాలున్న ఏ ఆటలోనైనా తూకం కోసం తిండి మానే పిల్లలకు, ఆడైనా మగైనా, ఈ ముప్పు ఎక్కువ. కోచ్‌లు దీన్ని కనిపెట్టి ఉండాలి. జ్వరంలోనూ పరుగు మానలేని, అద్దం ముందు కండలు చూసుకుని కుమిలిపోయే అబ్బాయిల్నీ గమనించాలి.

పెళ్లి దీనికి మందు కాదు. తిండి చాలక నెలసరి ఆగిపోయి, ఎముకలు గుల్లబారుతున్న పిల్ల మీద కొత్త ఇల్లు, కాన్పు భారం వేయడమే అవుతుంది.

చిక్కిపోవడానికి టీబీ, థైరాయిడ్, షుగర్ కూడా కారణం కావచ్చు కాబట్టి ముందు డాక్టరుకు చూపించండి. అయితే రక్తపరీక్షలు నార్మల్‌గా వచ్చినా తిండి జబ్బు లేదని కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడగండి, లేదా విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడ వచ్చినా, వాంతిలో రక్తం పడినా, చచ్చిపోతానన్నా ఆలోచించకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

పిల్లల వయసులో బాగా పనిచేసే వైద్యాల్లో ఒకటి, తల్లిదండ్రులు దగ్గర కూర్చుని, తిట్టకుండా, బేరాలాడకుండా ప్రతి పూటా తినిపించడం. డాక్టరు చెప్పాక ఆ పలాస తల్లి చాలా వారాలు పని మానుకుని విజయనగరంలో చుట్టాలింట్లో ఉంది. రోజుకు ఐదారు సార్లు కూతురి పక్కన కూర్చునేది. మొదట్లో ఒక ఇడ్లీకి గంట పట్టేది. "నువ్వు కాదే, ఆ జబ్బు మాట్లాడుతోంది, నాకు తెలుసు" అంటూ చేయి పట్టుకునే ఉండేది.