ఇంటి కింద ఏముందో కూడా చూడండి

నెదర్లాండ్స్‌లో ఇల్లు కొనడం గురించిన మీ వ్యాసంలో, పోటీ ఎక్కువగా ఉంటే తనిఖీ షరతు (తనిఖీలో పెద్ద లోపాలు బయటపడితే కొనకుండా తప్పుకోవచ్చనేది) వదిలేసి ఆఫర్ పెట్టమని రాశారు. కొత్త ఫ్లాటుకైతే ఏమో గానీ, రోటర్‌డామ్‌లో 1930ల నాటి వరస ఇంటికి మాత్రం ఆ సలహా ఇవ్వకండి.

మేమూ అలాంటిదొకటి చూశాం. రంగుటద్దాల కిటికీ, వెనక చిన్న పెరడు. కరివేపాకు కుండీ ఎక్కడ పెట్టాలో మా ఆవిడ అప్పుడే చెప్పేస్తోంది. ఈలోగా మా బాబు చేతిలోంచి గోలీ జారి, ముందు గదిలోంచి వంటగది గోడ దాకా దొర్లుకుంటూ పోయింది. బయటికొచ్చి చూస్తే ఇటుకల మధ్య పగులు మెట్లుమెట్లుగా దిగి ఉంది.

అక్కడి నేల మెత్తన. ఆ కాలపు ఇళ్లు చాలావరకు నేలలోకి దించిన చెక్క దుంగల మీదే నిలబడ్డాయి. దుంగ నీళ్లలో మునిగి ఉన్నంతకాలం ఢోకా లేదు. భూగర్భ జలం తగ్గి దాని తల గాలికి తేలిందా, ఇక పుచ్చడమే, పైనున్న ఇల్లు కుంగడమే. రిపేరు లక్ష యూరోల దాకా పోవచ్చు. పైగా గోడ ఉమ్మడిది, పక్కింటాయన కలిసి రాకపోతే పని కదలదు (ఉమ్మడి గోడ గొడవలు మనకి కొత్తా!). మామూలు తనిఖీలో పునాది తవ్వి చూడరు కాబట్టి, దాని గురించి విడిగా అడగాలి.

సంతకాలయ్యాక కూడా 3 రోజుల్లోపు కొనేవాళ్లు వెనక్కి తగ్గొచ్చు, నిజమే. ఆ 3 రోజుల్లో ఇన్‌స్పెక్టర్ దొరకొద్దూ?

మేం ఆఫర్ పెట్టలేదు. మా ఆవిడకి ఆ రంగుటద్దాల మీద ఇంకా బెంగే.