లెక్కల గదిలో కంజీర: ఒక తండ్రి ఫిర్యాదు

మా వాడు ఆరో తరగతి చదువుతున్నాడు. బడి విజయనగరంలోనే. బడి పేరులో ‘టెక్నో’ అన్న మాట ఉన్నది. ఆ ఒక్క మాట కోసం ఏటా అదనంగా కొంత సొమ్ము కడుతున్నాను గనుక, బడి క్షేమం గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకు ఉన్నదనే అనుకుంటున్నాను. గత నెలలో ఒక రాత్రి భోజనాల దగ్గర వాడు ఎంగిలి వేలితో కంచం అంచునూ, రెండో చేతి వేలితో మంచినీళ్ల గ్లాసునూ కొట్టడం మొదలుపెట్టాడు. చారు కోసమేమోనని వాళ్లమ్మ గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది. వాడికి చారు అక్కర్లేదు. పెదవుల్లోనే ఏదో లెక్కపెట్టుకుంటూ, ప్రతి మూడో లెక్కకు కంచాన్నీ, ప్రతి నాలుగో లెక్కకు గ్లాసునూ మోగిస్తూ పోయి, రెండూ ఒక్కసారే మోగగానే తలెత్తి, “పన్నెండు! విన్నావా నాన్నా, ఎల్‌సీఎం వినపడింది” అన్నాడు.

నేను ఎల్‌సీఎం చేశాను. తప్పు చేశాను. మా రోజుల్లో దాన్ని క.సా.గు. అనేవారు, ఆ మూడక్షరాలూ పలికే లోపల మూడు దెబ్బలు పడేవి. కానీ ఇన్నేళ్ల జీవితంలో దాన్ని వినడం మాత్రం ఎరుగను. పదకొండేళ్ల పిల్లవాడు కష్టపడి చేయవలసిన లెక్కను అన్నం తింటూ, పైపెచ్చు నవ్వుతూ వింటున్నాడంటే, వాడి వెనుక పెద్దవాళ్లెవరో ఉండి తీరాలి. అడిగితే, “మా లెక్కల మేడం” అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి బడికి వెళ్లి, ప్రిన్సిపాల్ గారి అనుమతితో వరండాలో కిటికీ పక్కన నిలబడి నేను స్వయంగా చూసిన విషయాలనే ఇక్కడ రాస్తున్నాను. మేడం గారు సంచిలోంచి కంజీర తీశారు, అదే, ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో వాయించే చిన్న తోలు వాయిద్యం. ముందు బెంచీ పిల్ల దగ్గర నీళ్ల సీసా అడిగి పుచ్చుకుని, నాలుగు చుక్కలు తోలుకు లోపలి వైపు చిలకరించి, వేళ్లతో పామి, చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి తట్టి చూసుకున్నారు. దీనికే ఒక నిమిషం పట్టింది. ఒక నిమిషంలో మా బడి లెక్క ప్రకారం ఒక ఆబ్జెక్టివ్ ప్రశ్న పూర్తి కావాలి. తరువాత గోడ వైపు వరుసలను ‘తకధిమి’ అనమన్నారు, కిటికీ వైపు వరుసలను ‘తకిట తకిట’ అనమన్నారు. అంటే వీళ్లకు నాలుగు, వాళ్లకు ఆరు. ఎవరి మాట ముగిసినప్పుడు వాళ్లు చప్పట్లు కొట్టాలి, రెండు చప్పట్లూ ఎక్కడ కలుస్తాయో ముందుగా ఊహించి పలక మీద రాసుకోవాలి. పలకలు నిజంగానే తెప్పించారు. డిజిటల్ బోర్డుకు డబ్బు కట్టిన తల్లిదండ్రుల పిల్లలు ఒళ్లో పలక పెట్టుకుని కూర్చున్నారు.

అంతకు ముందు రోజు మూడూ నాలుగూ పన్నెండు దగ్గర కలిశాయి గనుక, హెచ్చవేస్తే సరిపోతుందన్న ధీమాతో సగం మంది ఇరవై నాలుగు అని రాశారు. నేనూ మనసులో అదే అనుకున్నాను. కంజీర మోగింది, నోళ్లు కదిలాయి, పన్నెండో లెక్కకే చప్పట్లు రెండూ ఫెళ్లున కలిసిపోయాయి. గది అంతా ఒక క్షణం నిశ్శబ్దం. ఇక్కడ మేడం గారు సూత్రం చెప్పి ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు. ఆమె ఏమీ చెప్పకుండా మళ్లీ వాయించారు. మళ్లీ పన్నెండే. మూడోసారి వాయిస్తుండగా వెనుక బెంచీలో, యూనిట్ టెస్టుల్లో ఎన్నడూ పేరు వినిపించని ఒక పిల్ల లేచి, “మేడం, నాలుగులోనూ ఆరులోనూ రెండు దాక్కుని ఉంది. దాన్ని రెండుసార్లు ఎందుకు లెక్కపెట్టాలి?” అన్నది. ఆ పిల్ల అంతకు ముందు తరగతిలో నోరు విప్పగా విన్నవారు లేరని తరువాత తెలిసింది. పిల్లలు ప్రశ్నలు అడగడం ఇలాగే, చిన్నగానే మొదలవుతుంది.

ఆపైన బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. అయిదూ ఏడూ ఎక్కడ కలుస్తాయో తేలేదాకా కదలమని కూర్చుని, ముప్ఫై అయిదు దాకా లెక్కపెట్టుకుని, అప్పుడు బయటికి పరుగెత్తారు. బెల్లు వినగానే పుస్తకం మూయడమనే క్రమశిక్షణను పిల్లలకు అలవాటు చేయడానికి ఈ రాష్ట్రంలో ఎంతమంది ఎన్నేళ్లు శ్రమించారో ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది.

స్టాఫ్ రూములో మేడం గారితో మాట్లాడాను. మర్యాదస్తురాలు, కుర్చీ చూపించి టీ ఇప్పించారు. “మీ ఉద్దేశం మంచిదే కావచ్చు గానీ మేడం గారూ, సంగీతం సంగీతమే, లెక్కలు లెక్కలే కదా?” అన్నాను. ఆమె నవ్వి, “ఏడు తాళాలు, ఒక్కొక్కదానికి అయిదు జాతులు. మొత్తం ఎన్ని తాళాలండీ?” అన్నారు. ముప్ఫై అయిదని నోరు జారాను. “మరి ఇది ఏ పీరియడ్ అండీ?” అన్నారు. అంతటితో ఊరుకోక, ‘యమాతారాజభానసలగం’ గుర్తున్నదా అని అడిగారు. గుర్తులేకేం? గణాలన్నీ కంఠతా పట్టి పదో తరగతిలో మార్కులు తెచ్చుకున్నవాణ్ని. ఆ పది అక్షరాలనూ కాగితం మీద రాసి, మొదటి అక్షరం నుంచి మూడు తీసుకుంటే యగణం, రెండో అక్షరం నుంచి మూడు తీసుకుంటే మగణం, అలా ఒక్కొక్క అక్షరమే జరుగుతూ పోతే చివరి మూడింటికి సగణం వస్తుందని ఆమె వేలు పెట్టి చూపించారు. గురువో లఘువో, రెండే అవకాశాలు. మూడు చోట్లు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. విడివిడిగా రాస్తే ఇరవై నాలుగు అక్షరాలు పట్టే ఎనిమిది గణాలూ పది అక్షరాల్లో ఒకదాని మీద ఒకటి ఒదిగి కూర్చున్నాయి. నేను చదువుకున్న రోజుల్లో ఈ సంగతి చెప్పి నా మనశ్శాంతిని చెడగొట్టిన మాస్టారు ఒక్కరూ లేరు. ఆ మహానుభావులకు ఈ సందర్భంగా నమస్కరిస్తున్నాను.

అయినా నా అసలు అభ్యంతరం కంజీర మీద కాదు, దారి మీద. మన బడుల్లో డ్రాయింగుకూ సంగీతానికీ వారానికొక పీరియడ్ ఉంటుంది. అది టైమ్‌టేబుల్‌లో ఉంటుంది. టైమ్‌టేబుల్ గోడ మీద ఉంటుంది. ఆ పీరియడ్ రాగానే లెక్కల మాస్టారో సైన్సు మాస్టారో సిలబస్ మిగిలిపోయిందని వచ్చి దాన్ని వాడుకుంటారు. ఇది అందరికీ తెలిసిన, అందరూ ఆమోదించిన సంప్రదాయం. డ్రాయింగ్ పీరియడ్ పోయిందని ఏ తల్లిదండ్రులూ బడి మెట్లెక్కిన దాఖలా లేదు. ఈమె చేసినది సరిగ్గా తలకిందులు. లెక్కల పీరియడ్‌లోకే సంగీతాన్ని పిలిచి కుర్చీ వేశారు. అప్పు ఎప్పుడూ ఒక వైపే తీసుకోవాలన్న ఏర్పాటు ఇలా చెడితే, రేపు సోషల్ మాస్టారు కొండపల్లి బొమ్మ తెచ్చి తెల్లపొణికి చెట్టు గురించీ, ఆ చెట్టున్న కొండల గురించీ చెప్పడం మొదలుపెడతాడు. ఎల్లుండి సైన్సు టీచరు ఏటికొప్పాక లక్కపిడతకు ఏ గింజ నుంచి, ఏ బెరడు నుంచి రంగు వస్తుందో పిల్లలను వెతకమంటుంది. పిల్లలు వెతుకుతారు కూడాను, అదే నా భయం.

చట్టం తమ పక్షాన ఉన్నదని కళాభిమానులు అంటారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు నేనూ చదివాను. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లల సంఖ్య వంద దాటితే కళా విద్యకు పార్ట్ టైమ్ బోధకుడు ఉండాలన్నది. ‘పార్ట్ టైమ్’ అన్న మాటలోని వివేకాన్ని వారు గమనించినట్లు లేదు. ఆ పార్టు ఎంత అన్నది చెప్పలేదు గనుక మా బడి దాన్ని ఆగస్టులో కొంత, జనవరిలో కొంతగా నిర్ణయించుకున్నది. ఇక 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళలు పాఠ్యాంశంగా ఉండాలన్నది, 2020 జాతీయ విద్యా విధానం కళలకూ శాస్త్రాలకూ మధ్య గట్టి గోడలు ఉండరాదన్నది. రెండింటినీ మా బడి ఎంతో గౌరవంతో బ్రోషరు రెండో పేజీలో, రంగుల్లో అచ్చువేయించింది. గోడలు మాత్రం కాంట్రాక్టరు ఎలా కడితే అలాగే ఉన్నాయి.

మా ఊరి సంగతి మరీ సున్నితం. 1919 అనే సంవత్సరం తెలుగువాళ్లకు కలిసిరాలేదని నా అభిప్రాయం. ఆ ఏడాది ఉత్తరాన మా విజయనగరంలో రాజావారు సంగీత కళాశాల పెట్టి, హరికథలు చెప్పే ఆదిభట్ల నారాయణదాసు గారిని దానికి మొదటి ప్రిన్సిపాల్‌ని చేశారు. అదే ఏడాది దక్షిణాన మదనపల్లె కాలేజీకి రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చుకుంటే, ప్రిన్సిపాల్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు కట్టి రాసిపెట్టారు. కాలేజీ అన్నాక సిలబస్ చూసుకోక ఇవేం పనులో! ఆ పాట ఫలితమే నేటికీ మా బడిలో రోజూ 52 సెకండ్ల పాటు పిల్లలందరూ కలిసి పాడవలసి వస్తున్నది. నేను దేశభక్తుణ్ని, దాని జోలికి పోను. కానీ రోజుకు 52 సెకండ్ల సంగీతం ఎదిగే పిల్లలకు చాలదా అని మాత్రం అడుగుతున్నాను.

మా సంగీత కళాశాలలో చదివి బాగుపడినవాళ్లెవరని అడిగితే ఘంటసాల అంటారు. ఇంటింటా మాధుకరం ఎత్తి ఆ పూట అన్నం తిని చదువుకున్నాడని కళ్లు తుడుచుకుంటూ చెబుతారు. సరే, ఒప్పుకుందాం. ఆయన ఎంసెట్ ర్యాంకు ఎంతో ఒక్కరైనా చెప్పగలరా? ఎవరి పాట వింటే రోమాలు నిక్కబొడుచుకుంటాయో ఆయన ఫొటో హాల్లో పెట్టుకుందాం, ఆయన పేరున విద్యల నగరమని గొప్పలు పోదాం. పిల్లవాడు మాత్రం ఆ వీధిన పోతుంటే తల తిప్పకుండా చూసుకుందాం.

నేను కళలకు వ్యతిరేకినన్న అపోహ ఎవరికైనా ఉంటే, మా బడి వార్షికోత్సవం ఆల్బం చూడవచ్చు. కిందటి జనవరిలో విశాఖ నుంచి డ్యాన్స్ మాస్టరును పిలిపించి, పది రోజులు చదువు ఆపి మరీ పిల్లలను తయారు చేశారు. అప్పుడు సిలబస్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మా వాడిది చెట్టు వేషం. ఆకుపచ్చ గౌనుకు 2,500 రూపాయలు అద్దె. ఆరింటికని పిలిచారు. ముఖ్య అతిథి ఎనిమిదిన్నరకు వచ్చారు. పాట పెన్ డ్రైవ్‌లోంచి వచ్చింది, పిల్లలు పెదవులు కదిపారు. మా వాడు చేతులు చాచి నిలబడిన చోటనే నిద్రపోయాడు. చెట్టు ఊగుతున్నది, ఎంత సహజంగా ఉన్నదని పక్కావిడ మెచ్చుకున్నది. కళ అంటే అది! ఫొటో పడుతుంది, రసీదు వస్తుంది, రాత్రి పదకొండింటికి అయిపోతుంది. మర్నాడు ఏ పిల్లవాడూ కంచం మీద వాయించలేదు.

ఈ విషయాలన్నీ తల్లిదండ్రుల సమావేశంలో సవినయంగా మనవి చేశాను. సమావేశం వేడిగానే జరిగింది. ఒకాయన తన కూతురు లెక్కలు ముగించి ‘ఇంకా ఉన్నాయా’ అని అడుగుతున్నదని, ఇంట్లో ఇటువంటివి ఎన్నడూ జరగలేదని వాపోయాడు. ఆ తరగతికి ఎల్‌సీఎం స్లిప్ టెస్టులో మార్కులు బాగా వచ్చాయన్న వదంతి నిజమేనని కూడా అక్కడే తేలింది. ఇది మరింత చిక్కు. మార్కులు తగ్గి ఉంటే ఒక్క కాగితంతో ఆపించేవాళ్లం. పెరిగిన మార్కులను అడ్డుకోవడానికి ఏ రూలూ లేదు. మధ్యలో ఒక పెద్దాయన లేచి, వీధిబడిలో తాము ఎక్కాలను రాగం తీసే నేర్చుకున్నామని, ఇప్పటికీ ఏడు ఎనిమిదులు ఎంతంటే ముందు తల ఊగుతుందని, తరువాతే యాభై ఆరు వస్తుందని చెప్పబోయారు. మైకు తీసుకున్నారు. నాకూ తల ఊగుతుందన్న సంగతి నేను పైకి చెప్పలేదు.

చివరకు యాజమాన్యమే తెలివైన మార్గం కనిపెట్టింది. వచ్చే ఏడాది నుంచి ‘రిథమ్ మ్యాథ్స్ ఫౌండేషన్’ అనే కోర్సు ఉంటుంది. మెటీరియల్ వేరు, ఫీజు వేరు, పరీక్ష ఓఎంఆర్ షీటు మీద. నమూనా ప్రశ్న చూశాను: కంజీరను సంప్రదాయంగా ఏ జంతువు తోలుతో బిగిస్తారు? జవాబు ఉడుము. తప్పుకు పావు మార్కు కోత. కంజీర మోగితే ఎలా ఉంటుందన్నది సిలబస్‌లో లేదు గనుక, పరీక్షకు దానితో పని లేదు గనుక, మేడం గారి వాయిద్యాన్ని తీసుకుని ఆఫీసు గదిలో గ్లోబూ సూక్ష్మదర్శినీ ఉండే బీరువాలోనే భద్రంగా పెట్టి తాళం వేశారు. మేడం గారు ఏమీ అనలేదు. తడి ఆరకుండా మూతపెట్టవద్దని మాత్రం అటెండరుకు చెప్పారట.

సమస్య తీరిందనే అనుకున్నాను. కానీ నిన్నటి స్లిప్ టెస్టులో, నలభై మంది పిల్లలు తలలు వంచుకుని రాస్తుండగా, గదిలో సన్నగా చినుకులు పడుతున్నట్లు చప్పుడు వచ్చిందట. ఇన్విజిలేటరు కిటికీలోంచి చూశాడు, బయట ఎండ కాస్తున్నది. బెంచీల కింద ఎవరి మోకాలి మీద వారి వేళ్లు ఆడుతున్నాయి. కాసేపటికి అందరి దెబ్బా ఒక్కచోట పడి, నలభై మందీ ఒక్కసారే జవాబు రాశారట. కాపీ కొట్టారందామంటే ఎవరూ ఎవరి పేపరూ చూడలేదు. నిఘా కెమెరా రికార్డు తెప్పించి నేను రెండుసార్లు చూశాను. అందులో వంచిన తలలే తప్ప ఏమీ లేదు, ఆ కెమెరాలు శబ్దాన్ని పట్టవట. శబ్దం కూడా పట్టే కెమెరాలకు కొటేషన్ అడిగాము. ఆ ఖర్చును వచ్చే ఏడాది కల్చరల్ ఫీజులో కలుపుతారట.