సవరణ: ఐఎస్ఓ 45003కి విడిగా సర్టిఫికెట్ ఉండదు

ఆఫీసుల్లో మానసిక భద్రత గురించి మొన్న రాసిన పోస్టులో "ఐఎస్ఓ 45003 సర్టిఫికెట్ ఉందో లేదో చూసుకుని చేరండి" అన్నాను. అది తప్పు, క్షమించండి. 2021లో వచ్చిన 45003, పనిచోట మానసిక ఆరోగ్యం, భద్రత గురించి ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ఇచ్చిన మార్గదర్శకం మాత్రమే. సర్టిఫికెట్ ఇచ్చేది పనిచోట ఆరోగ్యం, భద్రతల మీద అదే సంస్థ తెచ్చిన 2018 నాటి 45001 ప్రమాణానికి.

మిగతా మాట మీద మాత్రం నిలబడతాను. మోయలేని పనిభారం, ఎవరి పని ఏదో తేలకపోవడం, వేధింపులు... వీటిని 45003 ముప్పులుగానే లెక్కేస్తుంది. ఏడాదికోసారి యోగా క్లాసు పెడితే ఇవి పోవు. మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి "డేటా నా వల్లే పోయిందండీ" అని మీటింగులో గొంతు వణుకుతుండగా చెప్పింది. లీడ్ తన పక్కకి ఓ కుర్చీ లాగి, "వెంటనే చెప్పావు, మంచిదైందమ్మా. బ్యాకప్ చూద్దాం రా" అన్నారు. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు సర్టిఫికెట్ గురించి కాదు, పొరపాటు ఒప్పుకున్నవాళ్లతో అక్కడ ఎలా ఉంటారో అడగండి.