సగమే చెప్పారు
సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లో, లింఫ్ గ్రంథుల్లో రోగనిరోధక కణాలు ముద్దకట్టే జబ్బు) అంటే రోగనిరోధక శక్తి అతిగా పెరగడమేనని మీ వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. అది సగమే నిజం. ఊపిరితిత్తుల్లో సీడీ4 టీ కణాలు (ఒక రకం తెల్లకణాలు) గుమిగూడి, ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత పదార్థం వదిలి, మాక్రోఫేజ్‌లనే మింగుడు కణాలను రెచ్చగొట్టి గ్రాన్యులోమాలు, అంటే కణాల ముద్దలు, కట్టిస్తాయి, అంతవరకు ఒప్పుకుంటాను. కానీ అదే సమయంలో చాలామందికి రక్తంలో లింఫోసైట్లు (టీ కణాలు కూడా ఈ జాతివే) తగ్గుతాయి, చేతికి ట్యూబర్‌క్యులిన్ సూది (టీబీ క్రిములకు శరీరం స్పందిస్తుందేమో చూసే పరీక్ష) వేసినా పొంగదు, అంటే అక్కడ స్పందన తగ్గిందన్నమాట. కణాలు ఊపిరితిత్తుల్లో గుమిగూడితే రక్తం, ఊరంతా జాతరకు పోతే వీధులు బోసిపోయినట్టు. మా పర్లాకిమిడి వైపు ఎక్స్‌రేలో ఛాతీలోని లింఫ్ గ్రంథులు వాచినట్టు కనబడితే ముందు టీబీ అనే అంటారు. అనడంలో తప్పూ లేదు, ఇక్కడ ఎక్కువగా చూసేది అదే. మా పిన్నికి నెలల తరబడి టీబీ మందులు వాడించారు. చివరికి విశాఖలో బయాప్సీ చేస్తే గ్రాన్యులోమాలు ఉన్నాయి గానీ మధ్యలో టీబీలో ఉండే కుళ్లు లేదు. అంతమాత్రాన టీబీ కాదని రాసెయ్యలేమట, అందుకే కల్చర్ (టీబీ క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) కూడా చూశారు. టీబీ ఉండగా, సార్కాయిడోసిస్‌కి వాడే, రోగనిరోధక శక్తిని అణిచే స్టెరాయిడ్లు ఒక్కటే మొదలుపెడితే కొంప మునుగుతుంది మరి. ఇంకోటి, మీరు అసలు ముట్టుకోనిది: గ్రాన్యులోమాలోని మాక్రోఫేజ్‌లు విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చేస్తాయి. మామూలుగా ఆ పని కిడ్నీలు అదుపులో చేస్తాయి, వీటికి ఆ అదుపు లేదు. దాంతో కొందరికి రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. నీరసమనగానే మందుల షాపులో కాల్షియం, డి విటమిన్ బిళ్లలు కొనేసుకోవడం మా దగ్గర మామూలే. ఈ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా అవి వేసుకోకూడదని వ్యాసంలో ఒక వాక్యం కలపండి.