వెన్ను తీశాక బయటపడే కల్తీని విత్తన చట్టం అందుకోవాలి

పెన్నా డెల్టాలో నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన ఎన్‌ఎల్‌ఆర్ 34449 వరి రకాన్ని రైతులు అంకెతోనే అడిగి కొంటారు. అగ్గి తెగులును తట్టుకోవడం, 120 నుంచి 125 రోజుల్లో కోతకు రావడం వల్ల అది ఇక్కడి రబీకీ, నీళ్లు మిగిలిన ఏడు వేసే రెండో పంట ఎడగారుకూ సరిపోతుంది. ఆ సంచిలో దాదాపు 150 రోజుల బీపీటీ 5204 వంటి రకం గింజలు కొన్ని కలిసి ఉంటే మొలక పరీక్షలో ఏ తేడా రాదు, నారుమడిలో కనిపించదు, పిలకల దశలోనూ బాగా తెలిసిన కంటికి తప్ప దొరకదు. వెన్ను తీసే వేళకు మడిలో ఒక భాగం పాలు పోసుకుంటుంటే మరో భాగం పచ్చగా నిలబడి ఉంటుంది. కేళీలు, అంటే కలిసిన వేరే రకం మొక్కలు, ఏరించి పారేయడానికి అప్పటికి ఆలస్యమైపోతుంది. కోత ముందుకు జరిపితే తాలూ పచ్చిగింజా పెరుగుతాయి, ఆపితే పండిన గింజ రాలిపోతుంది. ధాన్యాన్ని 850 కిలోల పుట్టి లెక్కన అమ్ముకునే ఈ జిల్లాలో, రకాలు కలిసిన రాశికి మిల్లరు పుట్టి మీద ధర తగ్గించి అడుగుతాడు. అప్పటికి విత్తనం సంచి పొలంలో ఉండదు, అందులోని గింజ ఒక్కటీ మిగలదు.

మన విత్తన చట్టం ఈ నష్టాన్ని చూసే విధంగా తయారైనది కాదు. 1966 నాటి విత్తనాల చట్టం ప్రభుత్వం నోటిఫై చేసిన రకాలకు మాత్రమే కనీస మొలక శాతం, స్వచ్ఛత ప్రమాణాలు విధించింది. ధ్రువీకరించిన వరి విత్తనానికి 80 శాతం మొలక, 98 శాతం భౌతిక స్వచ్ఛత, 13 శాతానికి మించని తేమ ఉండాలన్నది ఆ ప్రమాణాల్లో ఒకటి. శనగకు మొలక 85 శాతం, మిరపకు 60 శాతం. ఇవన్నీ ప్రయోగశాలలో కొద్ది రోజుల్లో తేలే లెక్కలు. సంచి మీద రాసిన రకమే లోపల ఉన్నదా అన్నది తేల్చాలంటే విత్తనాన్ని నాటి, పెంచి చూడాలి. అంటే ఒక పంట కాలం కావాలి, ఈలోగా అదే లాటు సంచులు ఊరూరా అమ్ముడుపోతాయి. ప్రైవేటు కంపెనీల హైబ్రిడ్లు చాలా వరకు నోటిఫై కాకుండానే, కంపెనీ తన మాటగా వేసుకున్న లేబుల్ మీదనే మార్కెట్లో తిరుగుతున్నాయి. 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు డీలరుకు లైసెన్సు తప్పనిసరి చేసిందే తప్ప, రకం నాణ్యతకు కంపెనీని బాధ్యురాలిని చేయలేదు. ఇక శిక్ష సంగతి చెప్పుకోవాలంటే, మొదటి నేరానికి 500 రూపాయల వరకు జరిమానా. అరవై ఏళ్ల కిందట ఆ మొత్తానికి ఎంతో కొంత విలువ ఉండేది, ఇప్పుడది ఒక సంచి విత్తనం ధరకు కూడా చాలదు.

ఈ లోటును పూడ్చడానికి 2004లో ఒక బిల్లు వచ్చి చట్టం కాకుండానే ఆగిపోయింది, 2019లో మరో ముసాయిదా వచ్చి అదీ ముందుకు సాగలేదు. 2025 నవంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ కొత్త ముసాయిదాను ప్రజల ముందుంచి డిసెంబరు 11 వరకు అభిప్రాయాలు కోరింది. మార్కెట్లోకి వచ్చే ప్రతి రకమూ నమోదు కావాలనడం, సంచి మీద క్యూఆర్ కోడు ఉండాలనడం, తీవ్రమైన నేరాలకు 30 లక్షల రూపాయల వరకు జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష విధించవచ్చనడం అందులో ముఖ్యమైనవి. నమోదును తప్పనిసరి చేయడం సరైన అడుగు, దానిని నిస్సంకోచంగా సమర్థించాలి. కానీ నమోదుకు ముందు జరిగే పరీక్షలు ఎక్కడ జరుగుతాయన్నది మనకు ముఖ్యం. రాష్ట్రంలో చాలా భాగానికి నైరుతి రుతుపవనాలు ఆధారమైతే, నెల్లూరు జిల్లాకు ఎక్కువ వాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్ల, తుపాన్ల వల్ల కురుస్తుంది. ఈ తేమలో, ఈ కాలంలో పరీక్షకు నిలవని రకానికి దేశమంతటా అమ్ముకునే అనుమతి ఇస్తే దాని పర్యవసానం ఇక్కడి మడిలో తేలుతుంది.

జరిమానా భారీగా పెంచినందుకు ముసాయిదాకు ప్రశంసలు వచ్చాయి. ఆ 30 లక్షలు ప్రభుత్వ ఖజానాకు వెళ్తాయి, నష్టపోయిన రైతుకు అందులో హక్కు ఉండదు. రైతు సంఘాలు లేవనెత్తిన ప్రధాన అభ్యంతరం కూడా ఇదే: పరిహారం ఎవరు, ఏ ప్రాతిపదికన, ఎన్ని రోజుల్లో ఇవ్వాలన్నదానికి సూటి దారి కనిపించడం లేదు. దారులు అసలే లేవని కాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం నమోదైన రకం కంపెనీ చెప్పినంత దిగుబడి ఇవ్వకపోతే రైతు పరిహారం కోరవచ్చు. కానీ ఆ దరఖాస్తు వెళ్లాల్సిన అథారిటీ ఢిల్లీలో ఉంది. వినియోగదారుల చట్టం మరో దారి. ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే, జాతీయ విత్తన సంస్థకు మధుసూదన్ రెడ్డికి మధ్య నడిచిన వివాదంలో, 2012 జనవరిలో సుప్రీంకోర్టు విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని తేల్చింది. పరీక్ష కోసం కొంత విత్తనాన్ని విత్తకుండా దాచి ఉంచుతాడని రైతు నుంచి ఆశించలేమని కూడా ఆ తీర్పు చెప్పింది. ఎంతో ఉదారమైన ఆ తీర్పు కూడా, వచ్చే సీజనుకు పెట్టుబడి వెతుక్కుంటున్న కౌలు రైతుకు ఆ సీజనులోపల ఏమీ తెచ్చిపెట్టదు. జిల్లా కమిషన్, రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ మెట్లెక్కి తీర్పు వచ్చేసరికి అతడి అప్పు ఎంతకు పెరుగుతుందో ఊహించవచ్చు.

అందువల్ల చట్టంలోనే ఒక గడువు ఉండాలి. రైతు ఫిర్యాదు చేసిన వారం లోపల మండల వ్యవసాయాధికారి, దగ్గరలోని పరిశోధన స్థానం శాస్త్రవేత్త కలిసి కోతకు ముందే మడిని చూసి, కేళీల శాతాన్ని లెక్కించి నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికే పరిహారానికి ఆధారం కావాలి. అది తప్పని నిరూపించే భారం కంపెనీ మీద ఉండాలి. మన రాష్ట్రంలో సర్వే నంబరు వారీగా పంట నమోదు చేసే ఈ-పంట విధానం ఇప్పటికే ఉంది. విత్తనం అమ్మినప్పుడే సంచి మీది లాటు సంఖ్యను ఆ నమోదుకు జతచేస్తే, ఒక మడిలో కల్తీ తేలిన రోజునే ఆ లాటు వేసిన మిగతా రైతులందరూ ఎవరో తెలిసిపోతుంది. కౌలు రైతు పేరు కూడా ఆ నమోదులో ఉండేలా చూడకపోతే ఈ ఏర్పాటు భూ యజమానికి పనికొచ్చి, పంట పోగొట్టుకున్నవాడికి అక్కరకు రాదు.

నియంత్రణ బిగించాలంటూనే ఒకచోట చట్టం చేయి పెట్టకూడదని గట్టిగా చెప్పాలి. ప్రకాశం జిల్లా నల్లరేగడి మీద శనగ వేసే రైతుల్లో చాలామంది నిరుటి పంటలోంచి మంచి గింజ తీసి పెట్టుకుంటారు, లేదా పక్క ఊరి రైతు దగ్గర జేజీ 11 రకం శనగ తెచ్చుకుంటారు. శనగలోనూ వరిలోనూ పరపరాగ సంపర్కం చాలా తక్కువ కనుక, కేళీలు ఏరి జాగ్రత్త చేసిన గింజ రెండు మూడేళ్లు రకం చెడకుండా నిలుస్తుంది. 1966 చట్టం 24వ సెక్షన్ రైతు తన ఇంటి దగ్గర సాటి రైతుకు నేరుగా అమ్మే విత్తనాన్ని తన పరిధి నుంచి మినహాయించింది. 2001 చట్టం బ్రాండు పేరు లేకుండా విత్తనం దాచుకోవడం, మార్చుకోవడం, అమ్మడం రైతు హక్కుగా గుర్తించింది. కొత్త ముసాయిదా కూడా ఆ హక్కును ఒప్పుకుంది. ఆ మినహాయింపు నిబంధనలు రాసేటప్పుడు కుంచించుకుపోకుండా కాపాడుకోవలసి ఉంటుంది. ఎందుకంటే రైతుల మధ్య గింజ మారకం ఆగిపోతే అక్టోబరులో సబ్సిడీ శనగ ఆలస్యమైన ప్రతి ఏడూ దిక్కు వ్యాపారి ఒక్కడే అవుతాడు.

మిరప నారు, నిమ్మ అంటు విషయంలో సమస్య ఇంకా లోతైనది. చట్టం దృష్టిలో నారు కూడా విత్తనమే అయినా, షేడ్‌నెట్ నర్సరీలో ట్రేల లెక్కన కొన్న మిరప నారు ఏ కంపెనీ విత్తనంతో పెంచారో రైతు చేతిలో కాగితం ఉండడం అరుదు. కాయ ఆకారం తేడాగా వచ్చినప్పుడు నర్సరీ కంపెనీని చూపిస్తుంది, కంపెనీ తన సంచి అక్కడికి వెళ్లలేదంటుంది. పొదలకూరు వైపు నిమ్మ తోట వేసే రైతు పరిస్థితి అంతకన్నా కఠినం. వెంకటగిరి దగ్గరి పెట్లూరు పరిశోధన స్థానం ఇచ్చిన పెట్లూరు సెలక్షన్-1 అనో, గజ్జి తెగులును తట్టుకునే బాలాజీ అనో నమ్మి నాటిన మొక్క అసలు ఆ రకమేనా అన్నది పూత, కాపు వచ్చేదాకా తేలదు. అందుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. 2019 వినియోగదారుల చట్టమేమో ఫిర్యాదుకు రెండేళ్ల గడువు పెట్టింది. ఆ గడువును అంటు కొన్న తేదీ నుంచి లెక్కించాలని నర్సరీ వాదిస్తే, కాపు చూడకముందే రైతు హక్కు కాలం చెల్లిపోయినట్టవుతుంది. కాబట్టి పండ్ల తోటల మొక్కలకు లోపం బయటపడిన రోజు నుంచే గడువు మొదలవుతుందని కొత్త విత్తన చట్టంలో స్పష్టంగా రాయాలి. అంటు అమ్మిన ప్రతి నర్సరీ, తల్లిచెట్టు వివరంతో సహా, రసీదును కాపు వచ్చే ఏడు దాకా భద్రపరచడాన్ని లైసెన్సు షరతుగా చేయాలి.