నైసియాలో బైబిల్ పుస్తకాల మీద ఓటింగ్ జరగలేదు
క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన క్రైస్తవ బిషప్‌ల సభలో రోమన్ కాన్‌స్టంటైన్ చక్రవర్తి దగ్గరుండి బైబిల్లోని కొత్త నిబంధన పుస్తకాలను ఎంపిక చేయించాడని ఒక వ్యాసంలో రాశారు. ఈ ఒక్క మాట దగ్గర నేను ఒప్పుకోను. ఆ సభలో గొడవంతా యేసు తండ్రి దేవుడితో సమానం కాదన్న ఏరియస్ బోధ మీద, ఈస్టర్ తేదీ మీద. అక్కడ చేసిన 20 నియమాల్లో పుస్తకాల జాబితా ఊసే లేదు. నేనూ కాలేజీ రోజుల్లో ఈ నైసియా కథే నమ్మి ఒక స్నేహితుడితో గంటసేపు వాదించాను, తర్వాత ఆ నియమాలు చదివి నాలుక కరుచుకున్నాను. కాన్‌స్టంటైన్ 50 బైబిల్ ప్రతులు రాయించి పంపమని బిషప్ యూసీబియస్‌కి పురమాయించిన మాట నిజమే. బహుశా అదే ఇలా సాగి సాగి ఈ కథయిందేమో. అసలు నాలుగు సువార్తలు చాలు, అంతకు మించి వద్దని బిషప్ ఇరేనియస్ 180 ప్రాంతంలోనే గట్టిగా వాదించాడు. అంతకుముందే, సంఘం తప్పుడు బోధకుడని వెలివేసిన మార్సియన్ ఒక్క లూకా సువార్తను, అదీ కత్తిరించి, అపొస్తలుడు పౌలు పత్రికలు (లేఖలు) పదింటితో కలిపి తన సొంత జాబితా తయారు చేసుకున్నాడు. ఇప్పుడున్న 27 పుస్తకాలు సరిగ్గా అవే కనిపించే మొదటి జాబితా అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ 367లో రాసిన ఈస్టర్ లేఖలోది. అప్పటికి నైసియా సభ జరిగి 42 ఏళ్లు. ఆ తర్వాత కూడా అందరూ ఒక్కసారిగా సరే అనలేదు. సిరియాక్ భాష వాడే క్రైస్తవ సంఘాల బైబిల్ అనువాదమైన పెషిత్తాలో, కొత్త నిబంధన కింద 22 పుస్తకాలే ఉండేవి. 2 పేతురు, 2 యోహాను, 3 యోహాను, యూదా, ప్రకటన అనే అయిదు పుస్తకాలు అందులో లేవు.