ఏరోస్పేస్ గ్రేడ్ అట!

పెద్దగా ఎవరూ పేరు వినని బ్రాండ్ కార్బన్ రోడ్ బైక్ మీద మనసుపడి, డబ్బు కట్టేముందు కాస్త విచారిద్దామని కూర్చున్నవాడికి అన్నిటికంటే ముందు తగిలే మాట ఒకటుంది. ‘ఏరోస్పేస్ గ్రేడ్ కార్బన్’. కంపెనీ ఎక్కడుందో రాయరు, ఫ్రేమ్ ఏ ఫ్యాక్టరీలో చేశారో రాయరు, రేపు ఏదైనా అయితే ఫోన్ ఎత్తే మనిషంటూ ఒకడున్నాడో లేడో రాయరు, కానీ మీరు తొక్కబోయేది విమానానికి దగ్గరి చుట్టం అని మాత్రం ఇంత లావు అక్షరాలతో రాస్తారు. వెనకాల నల్లటి పొగ, పక్కనుంచి నీలం లైటు, మధ్యలో చక్రాలు మోపి నిలబడ్డ సైకిల్. అది ఇంకో నిమిషంలో గాల్లోకి లేస్తుందేమో అనిపించాలి మనకి.

ఇంత పెద్ద మాటను తేలిగ్గా కొట్టిపారేయడం మర్యాద కాదు కాబట్టి, దీన్ని తగినంత గౌరవంతో పరిశీలిద్దాం.

ముందుగా ఒప్పుకోవాల్సింది ఏమిటంటే, అది అబద్ధం కాదు. జపాన్‌కు చెందిన టోరే కంపెనీ 1971లో టీ300 అనే కార్బన్ ఫైబర్ అమ్మకం మొదలుపెట్టింది, ఆ తర్వాత టీ700, టీ800, టీ1000 వచ్చాయి. బోయింగ్ 787 విమానం బరువులో దాదాపు సగం కాంపోజిట్లే, అంటే ఫైబర్‌నీ రెసిన్ అనే జిగురునీ కలిపి గట్టిపరిచిన పదార్థాలే, వాటికి ఫైబర్ ఇచ్చేది ఆ టోరేనే. సైకిల్ ఫ్రేమ్‌లో నిజంగానే టీ800 వాడి ఉంటే, విమానంలో వాడే జాతి ఫైబరే ఇందులోనూ ఉందనడం న్యాయమే. కవిత్రయం పట్టిన రకం గంటమే నేనూ కొని తెచ్చుకున్నాను కాబట్టి నేను రాసింది భారతం అని చెప్పుకోవడం ఎంత న్యాయమో, అంత న్యాయం.

ఇక ఆ అంకెల పిచ్చి చూడండి. టీ1000 అనగానే అవతలివాడి కళ్లు మెరుస్తాయి, ఎందుకంటే వెయ్యి ఎనిమిది వందలకంటే పెద్దదని మనందరికీ ఒకటో తరగతిలోనే చెప్పారు. ‘టీ1000 కాబట్టి ఫ్రేమ్ ఇంకా బిర్రుగా ఉంటుంది, మీ కాలి బలం ఒక్క చుక్క కూడా వృథా కాదు’ అని రాస్తారు. టోరే వాళ్ల సొంత లెక్కల ప్రకారం టీ800 రకానికీ టీ1000 రకానికీ బిర్రుతనం, అంటే వంగకుండా నిలబడే గుణం, ఒకటే, 294 గిగాపాస్కల్. టీ300కీ టీ700కీ కూడా ఒకటే, 230. పెరిగేది లాగితే తెగకుండా ఆగే బలం: టీ700కి 4900 మెగాపాస్కల్, టీ1000కి 6370. నిజంగా బిర్రుగా ఉండేది కావాలంటే ఎం40జే లాంటిది వేరే ఉంది, దానికి 377, కానీ తెగకుండా ఆగే బలం టీ700కంటే తక్కువ. అందుకే తెలిసినవాళ్లు ఎక్కడ ఏది ఎంత వేయాలో చూసుకుని కలిపి వాడతారు. మన బ్రాండ్ వాళ్లకి ఈ గొడవంతా అక్కర్లేదు. రేపు ఎవడో ఒకడు టీ2000 అని రాస్తాడు, దాని కింద ‘వావ్’ అని నలభై మంది రాస్తారు.

అసలు విమానాన్ని విమానం చేసేది ఫైబర్ కాదు. రెసిన్ పట్టించిన కార్బన్ షీట్‌ను మైనస్ 18 డిగ్రీల దగ్గర దాచడం, ఏ చుట్టలోంచి ఏ ముక్క కోశారో రాసి పెట్టుకోవడం, తయారయ్యాక లోపల గాలి బుడగ ఉందా, మడత పడిందా అని అల్ట్రాసౌండ్ పెట్టి వెతకడం. 2010 మార్చిలో ఆ 787 రెక్కల్ని, ఎగిరేటప్పుడు పడగల గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు పెట్టి పైకి వంచారు, సుమారు 25 అడుగులు వంగాయి, విరగలేదు. గ్రేడ్ అంటే అదీ. సైకిల్ ఫ్రేమ్‌లోనూ కథ అదే: చిన్నా పెద్దా ముక్కలు ఎన్నో కోసి, ఒక్కోటి ఏ కోణంలో పడాలో చూసి, మనిషి చేత్తో మోల్డ్‌లో పేర్చాలి, లోపలి నుంచి గాలి సంచి ఉబ్బించి వేడి చేయాలి. ఆ మనిషి ఆ రోజు ఒక ముక్క మడతపెట్టి పడేశాడా లేదా అన్నదే మీ ప్రాణం. ఆ మడత మీద మెరిసే పెయింట్ వేశాక బయటి నుంచి మీరు కాదు కదా, బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

పోనీ తిరగేసి చూద్దాం. సైకిళ్లలోకి విమానాల భాష వచ్చినట్టే, విమానాల్లోకి సైకిళ్ల పద్ధతి వస్తే ఎలా ఉంటుంది? ఒక విమానయాన సంస్థ ఛైర్మన్ గారు కొత్త విమానం కొనడానికి వచ్చారు. సేల్స్ కుర్రాడు తెర తీశాడు.

‘‘సార్, ఇది టీ1000.’’

‘‘మంచిది బాబూ. రెక్క ఎంత భారం మోస్తుంది?’’

‘‘టీ1000 సార్.’’

‘‘సరే, విన్నాను. రెక్కని పరీక్షించారా?’’

‘‘మా బ్రాండ్ అంబాసిడర్ పైలట్ గారు రెండు వారాలు నడిపారు సార్. టేకాఫ్‌లో దూసుకుపోయిందన్నారు. పక్కకి బిర్రుగా ఉంటుంది, పైకీ కిందికీ మెత్తగా ఉంటుంది అన్నారు.’’

‘‘ఆయనకి విమానం ఊరికే ఇచ్చారా?’’

‘‘ఇచ్చాం సార్. అభిప్రాయాలు మాత్రం పూర్తిగా ఆయన సొంతం.’’

‘‘బరువెంత?’’

‘‘అన్నిటికంటే చిన్న సైజు సార్, పెయింట్ లేకుండా, చక్రాలు లేకుండా, బోల్టులు లేకుండా. అటూ ఇటూ ఉండొచ్చు. ఎక్కువగా అటే ఉంటుంది.’’

‘‘వారంటీ?’’

‘‘లైఫ్‌టైమ్ సార్! మొదటి యజమానికి మాత్రమే. కూలితే వర్తించదు, ఎగరడం వల్ల వచ్చే అరుగుదలకి వర్తించదు. ఏదైనా అయితే విమానాన్ని వచ్చిన అట్టపెట్టెలోనే సర్ది, మీ ఖర్చుతో మా ఫ్యాక్టరీకి పంపితే, మా వాళ్లు ఫొటో చూసి తప్పు మీదేనని చెబుతారు.’’

‘‘కంపెనీ పెట్టి ఎన్నాళ్లయింది?’’

‘‘వెబ్‌సైట్ పెట్టి పోయిన దసరాకి ఏడాది సార్.’’

‘‘చక్రం దగ్గర బోల్టు పోతే?’’

‘‘అది పాత మోడల్ సార్, బోల్టు రావడం ఆగిపోయింది. కొత్త విమానం మీద పది శాతం తగ్గిస్తాం.’’

‘‘అధికారుల ఆమోదమైనా ఉందా నాయనా?’’

‘‘ఎందుకు లేదు సార్! స్టిక్కర్ చూడండి.’’

‘‘దేనికి ఇచ్చిన ఆమోదం?’’

‘‘ఆకారానికి సార్.’’

నవ్వకండి, ఆ చివరి జవాబు నేను కల్పించింది కాదు. రేసుల్లో వాడే ఫ్రేములకీ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులకీ అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2011 నుంచి ఆమోదం స్టిక్కర్ ఇస్తోంది. గొట్టాల కొలతలు, మొత్తం ఆకారం రేసు నిబంధనలకి లోబడి ఉన్నాయా లేదా అన్నదే అందులో చూసేది. విరుగుతుందా విరగదా అన్నది తయారు చేసినవాడి బాధ్యత. ఆ స్టిక్కర్‌నే పట్టుకుని ‘భద్రతకు అంతర్జాతీయ గుర్తింపు’ అన్నట్టు ముఖంపెట్టి అమ్మేవాళ్లని ఏమనాలో, పిల్లలు కూడా చదువుతారు కాబట్టి రాయడం లేదు.

మళ్లీ ఒక మాట. పేరు తెలియని బ్రాండ్ కావడం నేరం కాదు. పేరున్న బ్రాండ్లలో చాలావాటి ఫ్రేములూ తైవాన్, చైనా ఫ్యాక్టరీల్లో తయారైనవే. నిన్నటిదాకా బయట పెద్దగా ఎవరికీ తెలియని చైనా కంపెనీ ఎక్స్‌డీఎస్, 2025లో అస్తానా అనే రేసింగ్ టీమ్ పేరుకి ముందు తన పేరు పెట్టుకుని, సైకిల్ రేసుల్లో పై మెట్టు అయిన వరల్డ్ టూర్‌లోకి వచ్చింది. ఓపెన్ మోల్డ్, అంటే ఫ్యాక్టరీ తన దగ్గర పెట్టుకుని అడిగిన బ్రాండ్‌కల్లా ఫ్రేమ్ చేసిచ్చే అచ్చు, అది కూడా పాపం కాదు. ప్రతి సైజుకీ వేరే మోల్డ్ కావాలి, అది ఖర్చు వ్యవహారం, చిన్న కంపెనీ ఫ్యాక్టరీ దగ్గరున్న మోల్డే వాడుకుంటే తప్పేముంది? ఒకే మోల్డ్‌లో మంచి ఫ్రేమూ చేయొచ్చు, చెత్త ఫ్రేమూ చేయొచ్చు, తేడా అంతా లోపల పేర్చిన దాంట్లో ఉంది. తప్పల్లా, అదే ఫ్రేమ్ ఫొటో వెతికితే ఇంకో నాలుగు పేర్లతో కనబడుతుంటే, ‘మా ఇంజనీర్లు ఏళ్ల తరబడి విండ్ టన్నెల్‌లో తపస్సు చేసి’ అని మొదలుపెట్టడంలో ఉంది. తపస్సు చేసింది నువ్వు కాదు నాయనా, నువ్వు చేసింది స్టిక్కర్.

రివ్యూల గురించి ఎక్కువ చెప్పను. సైకిల్ గోడకి ఆనించి, చెయిన్ ఉన్న వైపు కెమెరాకి చూపించి, ఒక్క వర్షం కూడా పడకముందే ‘ఇప్పటివరకు ఏ సమస్యా రాలేదు’ అంటారు. మెత్తగా ఉందని మెచ్చుకున్నదాంట్లో సగం పుణ్యం టైర్‌ది, కొత్తగా 28 మి.మీ. వెడల్పుది వేసి గాలి కాస్త తగ్గించారు, అంతే.

సరే, ఇప్పటిదాకా సరదాగా మాట్లాడుకున్నాం. ఇక్కడ మాత్రం నా వల్ల కాదు.

హ్యాండిల్ కింద, దాన్ని పట్టి ఉంచే స్టెమ్ లోపల, 28.6 మి.మీ. గొట్టం ఒకటి దాక్కుని ఉంటుంది. ఫోర్క్ పైకి సాగిన భాగమే అది, పేరు ఫోర్క్ స్టీరర్. మీరు మీద వాలినప్పుడు మీ ఒంటి బరువులో మంచి భాగం మోసేది అది. అల్యూమినియం అయితే చాలాసార్లు ముందు వంగి చూపిస్తుంది. కార్బన్‌కి ఆ మొహమాటం లేదు, అప్పటిదాకా బాగానే ఉండి ఒక్కసారిగా పుటుక్కుమంటుంది. పైగా ఇప్పుడు కేబుళ్లన్నీ లోపలి నుంచే పోవాలి, అందం కదా! స్టీరర్ మీద గీత పడిందో లేదో చూడాలంటే చాలా బైకుల్లో బ్రేక్ గొట్టాలు విప్పి, మళ్లీ ఆయిల్ నింపాలి. అందుకని ఏళ్ల తరబడి ఎవడూ చూడడు. దిగుడు రోడ్డు మీద గంటకి 60 కిలోమీటర్లతో పోతున్నప్పుడు అది విరిగితే మీ చేతిలో మిగిలేది హ్యాండిల్ ఒక్కటే.

సైకిళ్ల భద్రతకి ఐఎస్ఓ 4210 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది ఇందుకే. పెడల్ మీద బలం పెట్టి లక్ష సార్లు తొక్కించాలి, 22.5 కిలోల బరువు పైనుంచి జారవిడిచి ఫోర్క్ నిలబడిందో లేదో చూడాలి. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఈ రిపోర్ట్ చూపించండి అని అడిగితే వచ్చే జవాబేమిటో తెలుసా? ‘క్షమించాలి, అది కంపెనీ రహస్యం.’ ఏం రహస్యమయ్యా అందులో? ఎంత బలంతో నొక్కారు, ఎన్నిసార్లు నొక్కారు, విరిగిందా లేదా, ఏ ల్యాబ్ చేసింది, ఇంతే కదా. ఎవడి ఆస్తి దోచుకుపోతారు దాంతో? బరువు తగ్గిందని గ్రాముల్లో చెప్పడానికి నోరొస్తుంది, గాలిలో ఎన్ని వాట్లు మిగిలాయో దశాంశంతో సహా చెప్పడానికి నోరొస్తుంది, మనిషి పళ్లూ దవడా ఆధారపడ్డ ఒక్క కాగితం చూపించమంటే రహస్యం! పరీక్ష చేయించి ఉంటే చూపించు, చేయించకపోతే అమ్మకు. ఇందులో మార్కెటింగ్ డిపార్ట్‌మెంట్ ఆలోచించాల్సింది ఏమీ లేదు. ఆ కాగితం అడిగినవాణ్ణి ‘నెగెటివ్ మనిషి’ అని వెక్కిరించే తోటి సైక్లిస్టులున్నారే, వాళ్ల మీద నాకు కంపెనీ మీద ఉన్నంత కోపమూ ఉంది.

కాబట్టి కొనేముందు ఫ్రేమ్ కొలతలిచ్చే జ్యామెట్రీ చార్ట్‌లో స్టాక్, రీచ్ (ఫ్రేమ్ ముందు భాగం ఎత్తూ, ముందుకి సాగిన దూరమూ) మీకు సరిపోతాయో చూసుకోండి, పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ మరలదా లేక నొక్కి దిగ్గొట్టేదా కనుక్కోండి, సీటుని మోసే సీట్‌పోస్ట్ బయట దొరికేదా వాళ్ల దగ్గరే దొరికేదా అడగండి. ఇవన్నీ చేసేముందు ఒక చిన్న పని చేయండి: డీరైలర్ హ్యాంగర్ రెండు ఆర్డర్ పెట్టండి. ఫ్రేమ్ చివర, గేర్లు మార్చే డీరైలర్‌ని తగిలించే, రెండు బొటనవేళ్లంత ఉండే అల్యూమినియం ముక్క అది. సైకిల్ పక్కకి పడితే ఫ్రేమ్ బదులు తను వంగడానికే పెట్టింది. 2019లో సైకిల్ విడిభాగాల కంపెనీ శ్రామ్ యూడీహెచ్ అనే ఉమ్మడి హ్యాంగర్ కొలత తెచ్చాక కొన్ని ఫ్రేములకి బెడద తగ్గింది కానీ, మిగతావాటిలో ఒక్కో మోడల్‌ది ఒక్కో వంకర, పక్కవాడిది మీకు పట్టదు. అది లేకపోతే మీ టీ1000 గోడకి తగిలించుకోవడానికి పనికొస్తుంది. ఫ్రేమ్ కొనకుండా హ్యాంగర్ మాత్రం అడగండి, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుందో, ఎవరి దగ్గర్నుంచి వస్తుందో, అసలు వస్తుందో రాదో చూడండి. నేను అడిగిన ఒక బ్రాండ్ వాళ్లు జవాబు ఇచ్చారు, పాపం, మర్యాదస్తులే. ఫ్రేమ్ మ్యాట్‌లో కావాలా, గ్లాసీలో కావాలా అని అడిగారు.